ఖండన శాఖ

ఇక మీదట ఈ దేశంలో ఏ ప్రయోగమూ ఫెయిల్ కాదని సైన్సు శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం ప్రకటించారు.

హాలంతా చప్పట్లతో మోగిపోయింది. నేనూ కొట్టాను. మంత్రిగారి పేషీలో ప్రెస్ నోట్లు రాయడం నా ఉద్యోగం. చప్పట్లు అందులో భాగం.

"పోయినేడాది మన ల్యాబులో జరిగిన ప్రయోగాల్లో సగానికి సగం 'కాదు, లేదు, సంబంధం కనపడలేదు' అని తేలాయట," అన్నారు మంత్రిగారు, మైకుని ఆప్యాయంగా దగ్గరికి తీసుకుని. "ప్రజల సొమ్ముతో 'కాదు' అని చెప్పడానికి ఇంతమంది శాస్త్రవేత్తలెందుకండీ? కాదు అనడానికి మా ఇంట్లో మా ఆవిడుంది. పైసా జీతం తీసుకోదు."

మళ్లీ చప్పట్లు. మొదటి వరుసలోంచి ల్యాబు డైరెక్టరుగారు అందరికంటే ముందు లేచి నిలబడ్డారు. ఆయన్ని ల్యాబులో 'అవునవును గారు' అంటారు. ఎవరేమన్నా ఆయన నోట వచ్చే మాట అదే కాబట్టి. ఎదురెదురుగా నిలబడి పోట్లాడుకుంటున్న ఇద్దరికీ ఆ మాటే చెప్పి, ఇద్దరి చేతా మంచివాడనిపించుకున్న మనిషి.

"ఇక నుంచి ప్రయోగం మొదలుపెట్టే ముందే అది సక్సెస్ అవుతుందని రాసివ్వాలి. కాకపోతే జీతం కట్!"

"అవునవును," అన్నారు డైరెక్టరుగారు.

వెనక వరుసలో మా వదిన కూర్చుని ఉంది. ఆవిడ ఆ ల్యాబులోనే శాస్త్రవేత్త. చప్పట్లు కొట్టలేదు. నన్ను చూసి కనుబొమలు ఎగరేసింది. ఇంటికి రా, చెప్తాను అని దానర్థం. కింద వాటాలో అన్నయ్యా వదినా, మేడ మీద గదిలో నేనూ ఉంటాం కాబట్టి తప్పించుకునే దారి లేదు.

ఆ రోజుల్లో ఊళ్లో జ్వరాలు జోరుగా ఉన్నాయి. మార్కెట్ వెనక వీధుల్లో జ్వరం తగలని ఇల్లు లేదు. ఆస్పత్రిలో మంచానికి ఇద్దర్ని పడుకోబెడుతున్నారు. సభలకు జనం పల్చబడేసరికి మంత్రిగారి గుండె కరిగిపోయింది. కారణం ఏమై ఉంటుందా అని ఆలోచనలో పడ్డారు. ఆయన ఆలోచిస్తున్నప్పుడు పేషీలో ఎవరం కదిలించం. అలవాటు లేని పని కదా, మధ్యలో ఆగితే మళ్లీ మొదలవుతుందో లేదో.

ఒక సాయంత్రం బంగళా వరండాలో కూర్చుని ఉండగా హఠాత్తుగా నావైపు తిరిగారు.

"ఏవయ్యా, మన బంగళాలో ఎవరికైనా జ్వరం వచ్చిందా?"

"లేదండీ."

"మన వరండాలో ఏ రంగు బల్బు వెలుగుతోంది?"

"నీలం అండీ."

"మరి?"

ఆ ఒక్క 'మరి' లోంచి నీలిజ్యోతి పథకం పుట్టింది. ఇంటింటికీ నీలం బల్బు, ఊరికి జ్వరవిముక్తి. మంత్రిగారి బావమరిది గోడౌన్లో నీలం బల్బులు అప్పటికే కిటకిటలాడుతున్నాయి. దేశం మీద ప్రేమతో ముందుచూపుగా తెప్పించుకున్నారట. శిలాఫలకం చెక్కించడమైపోయింది. ప్రారంభోత్సవానికి ముహూర్తం కూడా పెట్టేశారు. ఇక మిగిలింది సైన్సు ఒక్కటే.

ఆ మిగిలిన చిన్న పని మా వదిన నెత్తిన పడింది.

"నెలాఖరుకల్లా రుజువు చేసెయ్యమ్మా," అన్నారు డైరెక్టరుగారు.

"రుజువు చెయ్యమంటారా, పరీక్షించమంటారా?"

"అవునవును," అన్నారు ఆయన.

వదిన తనకు నచ్చిన అర్థం తీసుకుంది. మార్కెట్ వెనక వీధుల్లోనూ, వాటికి అవతల ఉన్న కొత్త కాలనీలోనూ చీట్లు వేసి, సగం ఇళ్లకు నీలం బల్బులు పెట్టించింది, సగం ఇళ్లకు మామూలువి. రోజూ గుమ్మం గుమ్మం ఎక్కి ఎవరికి ఒళ్లు వెచ్చగా ఉందో అడిగి రాసుకునేది. మార్కెట్ వెనక వీధిలోనే ఉన్న మా ఇంటికి చీటీలో నీలం పడింది. బళ్లో లెక్కల మేష్టారైన మా అన్నయ్యకు ఆ వెలుగులో పిల్లల పేపర్లు దిద్దడం ప్రాణాంతకమైంది. తప్పులు దిద్దిన ఎర్రసిరా నల్లగా కనిపిస్తుంటే తానే దిద్దాడో పిల్లలే రాశారో తెలియక, అందరికీ మార్కులు వేసేశాడు.

వారం తిరక్కుండా అన్నయ్యకు జ్వరం తగిలింది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడుతున్నాయి.

"ఒరేయ్," అన్నాడు నన్ను పిలిచి. "మీ మంత్రికి చెప్పు. నేను నీలం బల్బు కిందే వణుకుతున్నానని చెప్పు. బల్బు ఆర్పలేదని కూడా చెప్పు."

ఆస్పత్రిలో చేర్పించాం. అన్నయ్యకి మంచంలో సగం దొరికింది. మిగతా సగంలో ఒక దర్జీ ఉన్నాడు. ఒకరికి చలి వేస్తున్నప్పుడు ఇంకొకరికి చెమటలు పోస్తుండడంతో దుప్పటి గురించి గొడవ రాలేదు. కానీ రెండు రోజులు అన్నయ్య మనుషుల్ని పోల్చుకోలేదు. వదిన పగలు వీధులు తిరిగి, సాయంత్రానికి ఆస్పత్రికొచ్చి, నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చునేది.

నెలాఖరుకి లెక్క తేలింది. నీలం బల్బు ఇళ్లల్లోనూ మామూలు బల్బు ఇళ్లల్లోనూ జ్వరాలు ఒక్కలాగే ఉన్నాయి.

"అయ్యో వదినా, ఫెయిలైపోయింది!" అన్నాను.

"ఏం ఫెయిలైంది? మీ అన్నయ్య కళ్లజోడు పోతే వంటింట్లో వెతికావనుకో. అక్కడ లేదు. వంటిల్లు ఫెయిలైనట్టా?"

"కాదు. ఇంకో గదిలో వెతుకుతాను."

"అదీ. వంటింట్లోనే ఉందని నమ్మేసి అక్కడే చతికిలబడితే జన్మలో దొరకదు. ఇప్పుడు బల్బు గదికి తాళం వేసేశాం. ఇంకోటి చూశావా? బల్బు ఏదైతేనేం, జ్వరాలన్నీ పాత పైపు నీళ్లు తాగే ఇళ్లల్లోనే ఉన్నాయి. అవతల కాలనీకి కొత్త పైపు వస్తుంది. అక్కడ ఒక్కటీ లేదు. మీ బంగళాకి వచ్చేదీ కొత్త పైపే."

రిపోర్టు చూసి డైరెక్టరుగారికి ముచ్చెమటలు పట్టాయి. "కాదు అని రాశారేంటమ్మా?"

"కాదు కాబట్టండీ."

"అవునవును. కానీ ఆ కాదుని కాస్త అవును లాగా రాయలేమా?"

రాయలేమంది వదిన. ముగ్గురం కలిసి మంత్రిగారి గదికి వెళ్లాం. నీలం బల్బు పరికల్పన తప్పని తేలిందని వదిన చెప్పింది.

"ఈ పరికల్పన ఏ సెక్షను?" అన్నారు మంత్రిగారు. "ముందా అమ్మాయిని సస్పెండ్ చెయ్యండి."

"అమ్మాయి కాదండీ. పరికల్పన అంటే హైపోథిసిస్. ఇలా అయ్యుండొచ్చని ముందు ఊహించుకుంటాం. ఆ తర్వాత నిజమో కాదో పరీక్షించి చూస్తాం."

"ఎవరి ఊహ?"

"మీదేనండీ."

డైరెక్టరుగారు ఎవరికి అవునవుననాలో తెలియక గోడ గడియారం వైపు చూస్తున్నారు.

"తప్పని తేలడం నష్టం కాదండీ," అంది వదిన నెమ్మదిగా. "సైన్సులో సగం పని అదే. ఇది మందు కాదని తెలిస్తే జనం దాన్ని నమ్ముకుని కూర్చోరు. మనం అసలు కారణం వెతుక్కోవచ్చు. ఊహ తప్పని నిజాయితీగా తేల్చినా అది విజయమే."

"ఏదీ, మళ్లీ చెప్పు. తప్పని తేలినా విజయమే?"

"విజయమేనండీ. సరిగ్గా పరీక్షించి, తేలింది దాచకుండా చెప్పి, ఆ తర్వాత..."

ఆ తర్వాతి మాటలు మంత్రిగారికి చేరలేదు. కుర్చీలోంచి లేచారు. కిటికీ దాకా వెళ్లారు. తిరిగి వచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది.

"తప్పని తేల్చడాన్ని ఒక్క ముక్కలో ఏమంటారమ్మా?"

"ఖండించడం అంటారండీ."

"ఖండించడమా!" మంత్రిగారు పకపకా నవ్వారు. బల్ల మీద చరిచారు. "తల్లీ, పార్టీలో చేరిన రోజు నుంచీ నేను చేస్తున్నది అదే కదమ్మా! పొద్దున్న లేస్తే ఖండన, పడుకోబోతూ ఖండన. ఇన్నాళ్లూ శాస్త్రవేత్తనని తెలీకుండానే బతికేశానే!"

"అవునవును," అన్నారు డైరెక్టరుగారు. ఆయన కళ్లల్లో నిజంగానే నీళ్లు తిరిగాయి.

మర్నాడే విలేకరుల సమావేశం పెట్టారు. నీలం బల్బు పరికల్పనను ప్రభుత్వం విజయవంతంగా ఖండించిందనీ, అందుకు గుర్తుగా బావమరిదిగారి బల్బులన్నీ ఆఫీసులకు జ్ఞాపికలుగా పంచుతామనీ మంత్రిగారు ప్రకటించారు. ఒక విలేకరి లేచాడు.

"ఎన్నికలప్పుడు ఇంకో ఆస్పత్రి కట్టిస్తామని హామీ ఇచ్చారు. ఏమైందండీ?"

"హామీ అని ఎవరన్నారు? అది పరికల్పన. 'ఈ ప్రభుత్వం ఆస్పత్రి కడుతుంది' అన్నది ఒక ఊహ. నాలుగేళ్ల పాటు, ఒక్క ఇటుక కూడా పెట్టకుండా, ఎంతో క్రమశిక్షణతో ప్రయోగం చేశాం. తప్పని తేలింది. దాచకుండా మీ ముందు పెడుతున్నాం. ఇంత నిజాయితీ ఇంకెవరికుంది?"

"కూలిన వంతెన సంగతి?"

"వంతెన నిలబడుతుందన్నది కాంట్రాక్టరుగారి పరికల్పన. వానాకాలం దాన్ని ఖండించింది. ఆయనకి వచ్చే వారం సన్మానం పెట్టుకున్నాం. మీరంతా తప్పకుండా రావాలి."

కొత్తగా చేరిన ఒక విలేకరి అమ్మాయి చెయ్యెత్తింది. "మీ హామీల్లో ఖండించకుండా మిగిలిపోయింది ఏదైనా ఉందా సార్?"

"ఒక్కటీ లేదమ్మా," అన్నారు మంత్రిగారు వినయంగా.

'హామీల ఖండనలో నూరు శాతం' అని ఆ రోజు ప్రెస్ నోటుకి నేనే హెడ్డింగు పెట్టాను. పత్రికలు అక్షరం మార్చకుండా వేసుకున్నాయి.

ఆ తర్వాత ఊళ్లో వచ్చిన ఉత్సాహం అంతా ఇంతా కాదు. శాఖ పేరు 'సైన్సు, ఖండన శాఖ'గా మార్చారు. బోర్డు మీద రెండు మాటలూ పట్టకపోవడంతో సైన్సుని తీసేశారు. మిగతా మంత్రులు మా గది ముందు వరస కట్టారు. రవాణా మంత్రిగారు బస్టాపుల్లో 'బస్సు వచ్చునన్న పరికల్పనపై ప్రయోగము జరుగుచున్నది, సహకరించగలరు' అని బోర్డులు పెట్టించారు. జనం సహకరించారు, వేరే దారి లేదు గనక. విద్యా మంత్రిగారు పరీక్ష తప్పిన వాళ్లకి 'ఖండనలో ప్రథమశ్రేణి' అని సర్టిఫికెట్లు ఇచ్చారు. అన్నయ్య పక్కన పడుకున్న దర్జీ కోలుకుని దుకాణం తెరిస్తే, అభిమానం కొద్దీ ఆయన దగ్గర చొక్కా కుట్టించుకున్నాను. గుండీలు పట్టలేదు.

"సరిపోతుందన్న పరికల్పన తప్పని తేలిందండీ," అన్నాడు ఆనందంగా, కూలి జేబులో వేసుకుంటూ.

ఇంతటి శాస్త్రీయ వాతావరణంలో, జ్వరాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అన్నయ్య ఇంకా మంచం దిగలేదు. వదిన మళ్లీ మంత్రిగారి దగ్గరికి వెళ్లింది. పాత పైపు మార్కెట్ దగ్గర, చిల్లులు పడి, మురుగుకాలవ కింద నుంచి పోతోంది. అక్కడ వాల్వు కట్టేసి, ఆ వీధులకు ట్యాంకర్లతో నీళ్లు పంపి చూద్దామని అడిగింది.

"చూస్తే ఏం తేలుతుంది?"

"నీళ్ల వల్లే జ్వరమని నా అనుమానమండీ. నిజమో కాదో తేలుతుంది."

మంత్రిగారి ముఖం వాడిపోయింది. "నిజమని తేలితే? నెలనెలా ఖండనల టార్గెట్ పెట్టుకున్నాం తల్లీ. నిజాలు తేల్చుకుంటూ కూర్చుంటే టార్గెట్ ఎలా అందుకుంటాం?"

వదినకి మంచంలో సగం జాగాలో పడున్న మనిషి గుర్తొచ్చాడేమో. ఎంతో మర్యాదగా అంది:

"అయితే పరికల్పన ఇలా పెడదామండీ. 'నీళ్లకీ జ్వరానికీ ఏ సంబంధమూ లేదు.' దాన్ని ఖండించడానికి ప్రయత్నిస్తాను."

"ఖండించు తల్లీ!" అని మంత్రిగారు సంతకం పెట్టేశారు. మెట్లు దిగుతూ ఇదేం పద్ధతని నేనడిగితే, సైన్సులో ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతేననీ, సంతకం కోసం వాడుకోవడం మాత్రం తనే మొదలనీ వదిన చెప్పింది.

వాల్వు కట్టేశారు. ట్యాంకర్లు తిరిగాయి. వదిన మళ్లీ గుమ్మాలు ఎక్కింది. మొదట కొత్త జ్వరాలు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. ఆస్పత్రిలో మనిషికో మంచం దొరికింది. అన్నయ్య ఇంటికొచ్చి, ఈసారి పగటి వెలుగులో పేపర్లు మళ్లీ దిద్ది, ఇచ్చిన మార్కుల్లో సగం వెనక్కి లాక్కున్నాడు. నీళ్లకీ జ్వరానికీ సంబంధం లేదన్న మాట ఖండితమైపోయింది.

మంత్రిగారు మిఠాయిలు పంచారు.

"ఇక పైపు మార్చేద్దామండీ," అంది వదిన.

"మారుస్తావా!" మంత్రిగారు మిఠాయి పెట్టె మూసేశారు. "బంగారం లాంటి పైపమ్మా అది. దేశంలో ఇంత గొప్ప ఖండన ఇంకే పైపు దగ్గరా జరగలేదు. బాగుచేస్తే రేపు దేన్ని ఖండిస్తాం? దాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, జాతీయ ఖండన కేంద్రం చేద్దాం. ట్యాంకర్లు ఆపించు. ఆదివారం నేనే స్వయంగా వాల్వు తిప్పి ప్రారంభిస్తాను. జనం లీకేజీ కళ్లారా చూడాలి."

"ఆ నీళ్లు మళ్లీ ఇళ్లకి వెళ్తాయండీ! మళ్లీ జ్వరాలొస్తాయి!"

"వస్తే మళ్లీ ఖండిద్దువుగాని."

ఆ రోజు వదిన ఇంటికొచ్చి కంచం ముందు పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంది. అరుస్తుందేమో అనుకున్నాను. అరిచినా బాగుండేది.

మర్నాడు నేను మంత్రిగారి గదిలోకి వెళ్లి, నా ఉద్యోగ జీవితంలో మొదటిసారిగా, అడగని మాట చెప్పాను.

"సార్, ప్రతిపక్ష నాయకుడు ఒక పరికల్పన చేశాడండీ. ఈ ప్రభుత్వానికి కారే పైపు బాగుచేయడం కూడా చేతకాదట."

అన్నాడో లేదో నాకు నిజంగా తెలియదు. కానీ రోజూ అలాంటిది ఏదో ఒకటి అంటూనే ఉంటాడు.

మంత్రిగారు భగ్గుమన్నారు. "ఎంత మాటన్నాడు! వెంటనే ఖండించండి! నీళ్ల శాఖ ఇంజినీరుని పిలవండి! పగలూ రాత్రీ పనిచేసి ఆదివారంలోగా ఖండించాలని నా మాటగా చెప్పండి!"

నేను ఆయన మాటగానే చెప్పాను. ఇంజినీరు పగలూ రాత్రీ పనిచేశాడు.

ఆదివారం మార్కెట్ పక్కన తవ్విన గొయ్యి చుట్టూ ఇత్తడి గొలుసు కట్టారు. అడుగున పైపు కనపడేలా దీపాలు పెట్టారు. బ్యాండు వచ్చింది. వీధుల్లోని జనమంతా వచ్చారు. మంత్రిగారు పూలు చుట్టిన చక్రాన్ని రెండు చేతులతో తిప్పి, గొయ్యిలోకి తొంగి చూశారు. బ్యాండు ఆగింది. గొయ్యి పొడిగా ఉంది. కొత్త పైపు దీపాల కింద మిలమిల మెరుస్తోంది. మురుగుకాలవని కూడా అవతలికి మళ్లించేశారు.

"కారదేం?" అన్నారు మంత్రిగారు గొంతు తగ్గించి.

"మీరే ఖండించమన్నారు కదండీ," అంది వదిన. ఆ మాట మైకులోంచి మార్కెట్ అవతలి దాకా వినపడింది.

జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. జీతం కోసం కొట్టేవి కావు, నాకు తేడా తెలుసు. ఎవరో ఈల వేశారు. గోడకి ఆనుకుని నిలబడ్డ అన్నయ్య ఎంత గట్టిగా కొట్టాడంటే కళ్లజోడు జారి గొయ్యిలో పడింది. "అవునవును!" అని అరిచారు డైరెక్టరుగారు. మంత్రిగారు అటూ ఇటూ చూశారు. తర్వాత నిదానంగా రెండు చేతులూ జోడించి, మెడలో దండలు వేయించుకున్నారు. వేసినన్నీ వేయించుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు కార్లో ముందు సీట్లో నేను కూర్చున్నాను. దండల వెనక నుంచి ఆయన గొంతు వినపడింది.

"ఏవయ్యా, ఇదంతా నేనే చేశానని జనం నమ్ముతారంటావా?"

"నమ్ముతారండీ."

కారు రెండు వీధులు దాటింది. మంత్రిగారు ముందుకి వంగి, డ్రైవరుకి వినపడకుండా నా చెవి దగ్గర అడిగారు.

"దాన్ని ఎవరూ పరీక్షించరు కదా?"